కుళాయి తుమ్ముతోందా? బోరు పైకి లాగించే ముందు ఇవి చూడండి

మా అత్తగారు దానికి పెట్టిన పేరు జలుబు. "కుళాయికి మళ్ళీ జలుబు చేసింది, చూడవే" అనేవారు. తిప్పగానే ఖళ్ళుమని ఒక దగ్గు, చేతి మీద చివ్వున నాలుగు చుక్కలు, కాసేపు ఉత్త గాలి, ఆ తరవాత పాలు కలిపినట్టు తెల్లటి నీళ్ళు. కోనసీమలో అంబాజీపేటకు నాలుగు కిలోమీటర్ల దూరంలో కొబ్బరితోట మధ్య మా ఇల్లు. పంచాయతీ కుళాయి వీధి మొగ దగ్గరే ఆగిపోయింది. ఇంటికీ, రెండు గేదెలకూ, పెరటి మొక్కలకూ కలిపి మాకున్నది ఒక్కటే ఫిల్టర్ పాయింటు, అంటే అడుగున జాలీ ఉన్న పైపును నేలలోకి దించిన బోరు, దాని మీద ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారూ పంపూ ఒకే ఒంట్లో ఉండే) మోటారు.

ఆరేళ్ళ కిందట మే నెలలో ఈ జలుబు ముదిరింది. మా వారు ఊళ్ళో లేరు. ఫోను చేస్తే వచ్చిన మెకానిక్ మోటారు దగ్గర రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. "ఫిల్టరు పోయిందమ్మా, బోరు లాగాలి" అన్నాడు. ముగ్గురు మనుషులు, ఒక రోజు పని, కొత్త పైపులు, పదమూడు వేల రూపాయలు. సాయంత్రం మోటారు వేస్తే కుళాయి మళ్ళీ తుమ్మింది. జబ్బు బోరులో లేదు. మోటారు నోట్లోకి మరలతో బిగించే పీవీసీ అడాప్టరు ఉంటుంది, బొటనవేలంత ముక్క. దానికి వెంట్రుకవాసి పగులు. నేల లోపలి పైపులన్నీ మార్చినవాళ్ళు, నేల పైనున్న ఆ ఒక్క ముక్కను పాతదే తిరిగి బిగించి వెళ్ళారు.

ఆ డబ్బు పోయాక నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, గాలి ఎక్కడి నుంచి వస్తోందని వెతికే ముందు, ఎప్పుడు వస్తోందని చూడాలి. వేళ తెలిస్తే చోటు చాలావరకు అదే తెలుస్తుంది. మోటారు పని నేను చదువుకున్నది కాదు. ఇది ఆ తరవాత మా ఊరి పెద్ద మేస్త్రిగారి వెనక నిలబడి చూసినదీ, నా చేత్తో చేసినదీ.

ముందు అది గాలేనా?

తెల్లగా వచ్చినవన్నీ గాలి నీళ్ళు కావు. స్టీలు గ్లాసు పక్కన పెట్టి గాజు గ్లాసు తీసుకోండి. కుళాయి దగ్గర నిండా పట్టి, కిటికీ గట్టు మీద పెట్టి కదపకుండా చూడండి. తెలుపు అడుగు నుంచి పైకి విడిపోతూ ఒకటి రెండు నిమిషాల్లో నీళ్ళు తేటపడితే అది గాలి. బుడగలు పైకి పోతాయి కాబట్టి అడుగు ముందు తేరుకుంటుంది. అలా కాక పైభాగం ముందు తేటపడి, అడుగున పొర మిగిలితే ఒండ్రు, ఇసుక. పూటంతా ఉంచినా మసక విడవకపోతే సన్నటి బంకమన్ను. పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి పచ్చగా మారి తుప్పు రంగుకు తిరిగితే ఇనుము. బోరు నీళ్ళలో కరిగి ఉన్న ఇనుము బయటి గాలి తగిలాక అలా రంగు తేలుతుంది. మా వైపు ఇది మామూలే. తెల్ల పంచెలు పాడవుతాయి గానీ దానికి కుళాయి తుమ్మదు.

గ్లాసు వాసన కూడా చూడండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఆ కథ వేరు, ముందుకెళ్ళాక చెబుతాను.

రెండో పని మేడ ఎక్కడం. ఎవరినైనా మోటారు వేయమని, ట్యాంకు మూత తీసి నీళ్ళు పడే గొట్టం దగ్గర నిలబడండి. ధార తెగకుండా కడ్డీలా పడుతుంటే మోటారు మంచిదే, బోరు మంచిదే. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపుల్లో గాలి ఇరుక్కుంది, అంతే. ట్యాంకు అడుగంటా ఖాళీ అయ్యాక నింపిన రోజున ఇలా అవుతుంది. ఇంట్లో అన్నిటికంటే దిగువనున్న కుళాయిని పూర్తిగా తెరిచి వదిలితే చాలాసార్లు పోతుంది. మొండికేస్తే, మోటారు నీళ్ళను రబ్బరు గొట్టంతో ఆ దిగువ కుళాయిలోకి ఎదురెక్కించాలి. కింది నుంచి తోసుకొచ్చే నీళ్ళు ఇరుక్కున్న గాలిని ట్యాంకులోకి తరిమేస్తాయి. ట్యాంకు నుంచి పైపు దిగే చోట నిటారుగా ఒక గాలి గొట్టం ఉండాలి. అది ట్యాంకు కంటే ఎత్తుకు లేచి, పైన తెరిచి ఉండాలి. కొత్త ఇళ్ళలో అందం చెడుతుందని దాన్ని మానేస్తున్నారు. తరవాత స్నానాల గదిలో నిలబడి కుళాయిని తిడుతున్నారు.

ట్యాంకు దగ్గర ధార తెగి తెగి పడుతూ, మధ్యలో బుస్సుమంటే మాత్రం కిందికి దిగి మోటారు దగ్గరికి రండి.

ఎప్పుడు వస్తోంది?

మా వంటింట్లో గోడ క్యాలెండరు మీద పాల లెక్క రాసే గళ్ళలోనే మోటారు లెక్క కూడా రాస్తాను. వేసిన టైము, గాలి మొదలైన టైము, ఆపిన టైము. మూడు రోజులు రాస్తే చాలు.

బొండాం తాగని వాళ్ళు కోనసీమలో ఉండరు కాబట్టి ఆ లెక్కన చెబుతాను. బొండాంలో గొట్టం పెట్టి పీల్చినప్పుడు మీరు నీళ్ళను లాగడం లేదు. గొట్టంలోని గాలిని తీసేస్తున్నారు. బయటి వాతావరణం బరువు నీళ్ళను పైకి తోస్తోంది. నేల మీద కూర్చున్న మోటారు చేసేదీ అంతే. గొట్టానికి పైన ఎక్కడో సూది బెజ్జం ఉంటే మొదటి గుక్క నుంచి చివరి గుక్క దాకా నీళ్ళతో పాటు గాలి వస్తూనే ఉంటుంది. గొట్టం బాగానే ఉండి బొండాంలో నీళ్ళు అయిపోవస్తే, ముందంతా హాయిగా వచ్చి చివర్లో గర్‌గర్‌మంటుంది. తాగడం ఆపి గొట్టం పై నోటికి వేలు అడ్డుపెడితే నీళ్ళు అందులోనే నిలుస్తాయి, వేలు తీసేస్తే కిందికి జారిపోతాయి, మళ్ళీ మొదట్లో గాలే పీల్చాలి.

మీ క్యాలెండరు గళ్ళు చూడండి. మోటారు వేసింది మొదలు ఆపేదాకా ఒకే తీరున గాలి వస్తుంటే బెజ్జం పడిన గొట్టం, అంటే నీళ్ళు పీల్చే సక్షన్ పైపులో ఎక్కడో లీకు. పది ఇరవై నిమిషాలు నిండుగా నడిచి ఆ పైన గాలి మొదలై, అరగంట ఆపి వేస్తే మళ్ళీ బాగుంటే అయిపోవచ్చిన బొండాం, అంటే బోరులో నీటిమట్టం దిగిపోతోంది. రాత్రంతా ఆగిన మోటారు పొద్దున్నే మొదటి అర నిమిషం తుమ్మి తరవాత సర్దుకుంటే, వేలు తీసేసిన గొట్టం. నీళ్ళను నిలబెట్టాల్సిన వాల్వు వదిలేస్తోంది. ఈ మూడోది ఇంకో రకంగానూ బయటపడుతుంది: పొద్దున్నే మోటారు తిరుగుతుంది గానీ నీళ్ళెత్తదు, చెంబుతో నీళ్ళు పోస్తేనే పట్టుకుంటుంది.

బెజ్జం పడిన గొట్టం

నా లెక్కన పది ఇళ్ళలో ఆరేడు ఇళ్ళ జబ్బు ఇదే, అదీ నేల పైన కనిపించే మూడు నాలుగు అడుగుల పైపులోనే. అయినా దొరకదు. ఎందుకంటే సక్షన్ వైపు లీకు నీళ్ళు కార్చదు. మోటారు నడుస్తున్నప్పుడు లోపల ఉండేది పీల్పు. నీళ్ళు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. తడి కోసం వెతికేవాడికి పైపు పొడిగా, బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది. నీళ్ళను ట్యాంకుకు పంపే డెలివరీ పైపు కారుతోందని దానికి టేపు చుట్టి, గాలి తగ్గలేదేమిటని అడిగేవాళ్ళున్నారు. డెలివరీ వైపు ఎంత కారినా గాలి రాదు.

పదమూడు వేలు పోయిన మర్నాడు పెద్ద మేస్త్రిగారు వచ్చారు. ఆయన తెచ్చినది ఒక పానా, ఒక పాత బనీను గుడ్డ. "అమ్మా, మీ దేవుడి గదిలో అగరుబత్తి ఉందా?" అన్నారు. పూజ చేస్తారేమో అనుకున్నాను. వెలిగించి, మోటారు నడుస్తుండగా బోరు తల దగ్గర మొదలుపెట్టి ఒక్కో అతుకు చుట్టూ నెమ్మదిగా తిప్పారు. గాలి ఆడని వేళ, పొగ నిటారుగా లేస్తోంది. బోరు మూత దగ్గర నిటారు. ఎల్బో, అంటే పైపు మలుపు దగ్గర నిటారు. పైపును విప్పి బిగించుకునే అతుకైన యూనియన్ చుట్టూ రెండుసార్లు తిప్పారు, నిటారు. మోటారు నోటి దగ్గర అడాప్టరు కిందికి వెళ్ళేసరికి పొగ తల వంచింది. సన్నటి దారంలా వంగి పైపు అడుగు భాగాన్ని తాకి మాయమైంది. నేను వంగి చూశాను. కంటికి ఏ పగులూ కనిపించలేదు. ఆయన ఆ చోట సబ్బు నురగ పెట్టారు. నురగలో ఒక గుంట పడింది, మా కళ్ళ ముందే లోపలికి పోయింది. అటు ట్యాంకు దగ్గర నిలబడిన మా అబ్బాయి "ధార బాగుపడింది, మళ్ళీ పోయింది" అని పై నుంచి కేకేశాడు. నురగ అడ్డుపడిన ఆ కాసేపూ కుళాయికి జలుబు తగ్గిందన్నమాట.

పగులు ఎందుకు వచ్చిందో కూడా ఆయనే చూపించారు. మోటారు కింద సిమెంటు దిమ్మెకు నాలుగు బోల్టులుండాలి, రెండే ఉన్నాయి. మోటారు వేసిన ప్రతిసారీ ఒక కుదుపు కుదిపి పైపును మెలిపెడుతోంది. ప్లాస్టిక్ మర ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? అడాప్టరు మార్చి బోల్టులు వేయకపోతే మళ్ళీ ఏడాదికి అదే పని. రెండూ చేశాం.

ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. ఫ్యాను ఆపండి, గాలి వీయని పొద్దుటి పూట చేయండి. గడ్డం గీసుకునే నురగ మామూలు సబ్బు నురగ కంటే బాగా నిలుస్తుంది. కానీ మోటారు గది మూసి ఉన్నా, నీళ్ళకు తేడా వాసన వస్తున్నా, బోరులో గ్యాసు ఉందన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా అగరుబత్తి వెలిగించవద్దు, నురగతోనే సరిపెట్టుకోండి. తడి నేల మీద, చెప్పులు లేకుండా, నడుస్తున్న మోటారును తడిమే పని అసలే వద్దు. మోటారు ఒంటికి ఎర్తు వైరు ఉందో లేదో ముందు చూసుకోండి. ఏ అతుకు విప్పాలన్నా మెయిను ఆపి, ఫ్యూజు జేబులో వేసుకోండి. స్విచ్చి ఆపాం కదా అనుకుంటే, నీళ్ళు రావడం లేదని ఇంట్లో ఇంకొకరు వచ్చి వేసేస్తారు. మా ఇంట్లో జరిగింది.

వెతికే చోట్లు వరుసగా: బోరు తల దగ్గర పైపు చేరే అతుకు, ఎల్బోలు, యూనియన్ లోపలి రబ్బరు రింగు, వాల్వు మరలు, నీళ్ళు పోసే మూత వాచరు. మోటారు షాఫ్టు, అంటే తిరిగే ఇరుసు దగ్గర సీలు కూడా. కొత్త మోటార్లలో అక్కడ మెకానికల్ సీలు ఉంటుంది. నీళ్ళు లేకుండా తిరిగిన మోటారుకు ఇది కాలిపోతుంది. మోటారు ఆగినప్పుడు షాఫ్టు దగ్గర చుక్కలు పడుతూ, నడిచేటప్పుడు ఆగిపోతే దాన్ని అనుమానించాలి. పొలాల్లోని పాత పంపులకు సీలు బదులు షాఫ్టు చుట్టూ చుట్టిన గ్లాండు తాడు ఉంటుంది. నడిచేటప్పుడు దాని నుంచి చుక్క చుక్కగా నీళ్ళు పడుతుండాలి. కారుతోంది కదా అని బిర్రుగా బిగిస్తే షాఫ్టు వేడెక్కి అరిగిపోతుంది, తరవాత గాలి ఆపడం ఎవరి తరమూ కాదు.

మా జిల్లాలో ఎక్కువ ఇళ్ళలో ఉండి, చాలామంది మెకానిక్‌లు చూడనిది ఇంకొకటుంది. ఒకే బోరుకు టీ (మూడు నోళ్ళ అతుకు) వేసి ఒక కొమ్మకు మోటారు, రెండో కొమ్మకు పాత బోరింగు ఉంచుతారు, కరెంటు పోయినప్పుడు చేత్తో కొట్టుకోవచ్చని. మంచి ఆలోచనే. కానీ బోరింగులోని తోలు వాచరు ఎండి ముడుచుకుపోయాక, మోటారు పీల్చేది బోరు నీళ్ళను కాదు, బోరింగు నోట్లోని గాలిని. పరీక్ష తేలిక: మోటారు నడుస్తుండగా బోరింగు నోట్లో అరచెంబు నీళ్ళు పోయండి. ధార వెంటనే బాగుపడితే దొంగ దొరికినట్టే. టీకీ బోరింగుకూ మధ్య ఒక గేటు వాల్వు వేయించి, అవసరం లేనప్పుడు మూసి ఉంచండి.

అతికేటప్పుడు టెఫ్లాన్ టేపును మర బిగిసే దిక్కులోనే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. పీవీసీ అతుకులకు పైపు పొడిగా తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, దూర్చి, డబ్బా మీద రాసినంతసేపు వదిలేయాలి. పక్కన కూర్చుని "వేద్దామా, వేద్దామా" అనే మనిషిని ముందు లోపలికి పంపాలి. పైన ముద్దగా పెట్టే ఎం-సీల్ పెళ్ళివారు దిగినప్పుడు రెండు రోజులు గట్టెక్కడానికి పనికొస్తుంది. దాన్ని బాగు చేయడం అనుకోవద్దు. బోరు నుంచి మోటారుకు వచ్చే అడ్డపైపు మోటారు వైపు కొద్దిగా ఎత్తుగా ఉండాలి. మధ్యలో ఒంటె మూపురంలా లేస్తే ఆ మూపురంలో గాలి కాపురం పెడుతుంది.

మరో మాట. ఆ పైపు మట్టిలో పూడ్చి ఉండి, పక్కనే అంట్లు తోమే గట్టు ఉంటే, గాలి దూరే బెజ్జం గుండా మురుగూ దూరుతుంది. కుళాయి తుమ్మితే తుమ్మింది, పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే అప్పుడు తెలుస్తుంది. అలాంటి లీకు బాగు చేశాక బోరును క్లోరిన్‌తో శుభ్రం చేయించి, నీళ్ళు పరీక్ష చేయించే దాకా తాగేవి కాచుకోవాలి.

వదిలేసే వాల్వు

బావిలోకి దించిన పైపుకైతే అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు ఉంటుంది. ఫిల్టర్ పాయింటుకు మాత్రం బోరు పైపే సక్షన్ పైపు కాబట్టి, వాల్వు పైనే, మోటారుకు దగ్గరగా ఉంటుంది. లోపల రబ్బరు రేకు, దాని పీట. ఒక్క ఇసుక రేణువు ఆ పీట మీద కూర్చుంటే రేకు మూసుకోదు. విప్పి కడిగి, రేకు వంకర పోయి ఉంటే మార్చాలి. పైన ఉన్న వాల్వుకు పావుగంట పని.

మోటారు ఆపిన గంటకు, నీళ్ళు పోసే మూత తెరిచి చూడండి. నీళ్ళు నోటి దాకా నిలిచి ఉంటే వాల్వు మంచిది. దిగిపోయి ఉంటే వాల్వునో, దానికీ మోటారుకూ మధ్య అతుకునో పట్టుకోవాలి. మళ్ళీ నిండా పోసి, పైపు పొడిగా తుడిచి, కింద పాత పేపరు పరచండి. లీకు ఉంటే ఇప్పుడు నీళ్ళు బయటికే వస్తాయి, పేపరు తడుస్తుంది. పేపరు పొడిగా ఉండి నీళ్ళు దిగిపోతే వాల్వు.

అయిపోవచ్చిన బొండాం

ఇది ఎండాకాలపు జబ్బు. మా నేల కింద నీళ్ళు వాన దయ ఒక్కటే కాదు, కాలువల దయ. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసిన ఆనకట్ట నుంచీ ఈ డెల్టా బతుకు అదే. ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటిది. కాలువలు పారుతూ, చేలల్లో నీళ్ళు నిలిచి ఉన్నన్నాళ్ళూ అవి ఇంకి బోర్లు నిండుగా ఉంటాయి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. ఆ తరవాత రెండు మూడు వారాలకు మా క్యాలెండరులో గాలి గీతలు మొదలవుతాయి.

నేల మీది మోటారుకు ఒక హద్దుంది. వాతావరణం నీళ్ళను తోయగలిగింది లెక్క ప్రకారం 10.3 మీటర్లు. నిజంలో ఏడు మీటర్లు, అంటే ఇరవై మూడు అడుగులు దాటితే ఇంటి మోటారు ఆయాసపడుతుంది. పైపు పొడవు కాదు, నీటిమట్టం ఎంత లోతున ఉందన్నదే లెక్క. బావో, తాడు దిగే సందున్న బోరో అయితే తాడుకు నట్టు కట్టి దించి కొలవండి, నీటికి తగలగానే టప్పుమంటుంది. మోటారు ఆగి ఉన్నప్పుడు ఒకసారి, నడుస్తున్నప్పుడు ఒకసారి కొలవాలి. బోరులో ఆ రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువగా ఉంటే నీళ్ళు నేలలో ఉన్నాయి గానీ బోరులోకి రావడం లేదు. ఫిల్టరు జాలీ ఇనుము తుప్పుతో, సన్నటి ఒండ్రుతో పూడుకుపోయింది. అప్పుడు కంప్రెసరుతో బోరు కడిగించడం మంచి ఖర్చు. ఆనాటి మెకానిక్ చెప్పిన మాట నిజమయ్యే సందర్భం ఇదొక్కటే, అప్పుడు కూడా లాగడం ఆఖరి పని.

నేను చేసేది ఇంకా చవక. డెలివరీ గేటు వాల్వును పావు వంతు మూస్తాను. మోటారు తక్కువ తోడుతుంది, బోరు ఊరే వేగంతో సరిపడుతుంది, గాలి ఆగుతుంది. ట్యాంకు నిండడానికి నలభై నిమిషాల బదులు గంట పడుతుంది. గంటసేపు ఒకేసారి నడిపే బదులు పొద్దున ఇరవై, మధ్యాహ్నం ఇరవై, రాత్రి ఇరవై నిమిషాలు వేసినా అంతే. పెద్ద మోటారు పెడితే నీళ్ళు ఎక్కువ వస్తాయన్న మాట మాత్రం వినవద్దు. బొండాంలో నీళ్ళు అయిపోవస్తుంటే గట్టిగా పీల్చి ఏం లాభం?

ఇంకా లోతుకు దింపుదాం అనే సలహా కూడా వస్తుంది. వేరే ప్రాంతంలో సరే. సముద్రానికి దగ్గరగా, రాజోలు, అంతర్వేది, నరసాపురం వైపు, తీపి నీళ్ళు ఉప్పు నీళ్ళ మీద తేలుతూ ఉంటాయి, మీగడలాగా. మీగడను దాటి గొట్టం దింపితే ఉప్పే వస్తుంది. మా ఆడపడుచు వాళ్ళు నరసాపురం దగ్గర అలాగే ముప్ఫై అడుగులు ఎక్కువ దింపించారు. గాలి పోయింది. ఆ ఏడాది నుంచి వాళ్ళింట్లో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు. ఇప్పుడు తాగడానికి క్యాన్లు కొంటున్నారు. చుట్టుపక్కల నాలుగు బోర్ల లోతు, రుచి కనుక్కోకుండా ఒక్క అడుగు కూడా దింపించవద్దు.

సబ్‌మెర్సిబుల్ ఉన్నవాళ్ళకు ఈ పీల్పు గొడవ లేదు, మోటారు నీళ్ళలోనే ఉంటుంది. అక్కడ నడుస్తున్నప్పుడు గాలి వచ్చిందంటే నీటిమట్టం మోటారు దాకా దిగిందని అర్థం, వెంటనే ఆపాలి. నీళ్ళే దానికి చల్లదనం, అవి లేకపోతే కాలిపోతుంది. వేసిన వెంటనే కాసేపే గాలి వస్తే దించిన పైపుకు బెజ్జమో, వాల్వు లోపమో. మోటారు నడుస్తుండగా బోరు నోటికి చెవి పెట్టి వినండి, లోపల జల్లు పడుతున్న చప్పుడు వస్తే బెజ్జమే. ప్రెషర్ పంపు వాడేవాళ్ళు దాని గుండ్రటి ట్యాంకుకున్న గాలి పిన్నును ఒకసారి నొక్కండి. గాలి బదులు నీళ్ళు చిమ్మితే లోపలి రబ్బరు సంచి చిరిగింది.

అతుకులన్నీ బాగున్నా బుడగలు

పైపులో లోపం లేదు, మట్టం నిండుగా ఉంది, అయినా కాలంతో పని లేకుండా బుడగలు వస్తున్నాయంటే అది గాలి కాకపోవచ్చు. డెల్టా అంతా నది వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన మట్టి. ఆ పొరల్లో పూడిన ఆకూ అలమూ కుళ్ళి గ్యాసు పుడుతుంది, చెరువు బురదలో కర్ర గుచ్చితే బుడగలు లేచినట్టే. మోటారు పీల్పుకు నీళ్ళలో కరిగి ఉన్నది సోడాలా పొంగుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వేసేది ఒకటి. ఏ వాసనా లేనిది, అంటుకునేది మీథేన్.

1995 జనవరిలో అంటుకున్న మా కోనసీమ పాశర్లపూడి గ్యాసు బావి 65 రోజులు మండింది. అందుకే మా వైపు గ్యాసు అనగానే గుండె జారుతుంది. అది నేలకు చాలా లోతున ఉన్న గ్యాసు, ఇంటి బోరులో బుడగకూ దానికీ ముడిపెట్టి బెంగపడనక్కరలేదు. కానీ తేలిగ్గానూ తీసుకోకూడదు. బుడగలు పట్టి అగ్గిపుల్ల గీసి చూసే సరదా మానండి. మోటారు గదికి, స్నానాల గదికి కిటికీ తెరిచి ఉంచండి. ట్యాంకుకు గాలి పోయే మార్గం ఉంచండి, ట్యాంకులో కాసేపు నిలిచిన నీళ్ళనే వాడండి. మోటారు కోసం తవ్విన గుంట ఉంటే అందులోకి ఒంటరిగా దిగవద్దు. గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ప్రయోగశాలలో నీళ్ళు పరీక్ష చేయించి, గ్యాసు అనుమానం ఉందని నోటితో కూడా చెప్పండి.

బాగు చేశాక

మొదటిసారి వేసేటప్పుడు తొందర పడవద్దు. నీళ్ళు పోసే మూత తెరిచి, చెంబుతో సన్న ధారగా పోయండి. బుడగలు రావడం ఆగేదాకా పోసి, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ పోయండి, ఇంకో అరచెంబు పడుతుంది. మూత బిగించి, డెలివరీ వాల్వు కొద్దిగా తెరిచి మోటారు వేయండి. నిమిషంలో నీళ్ళు ఎత్తకపోతే ఆపి, మళ్ళీ నింపండి. వస్తాయేమోనని ఎదురుచూస్తూ ఉత్తిగా తిప్పితే ఇప్పుడే వేసిన కొత్త సీలు కాలుతుంది. ధార పట్టుకున్నాక వాల్వు మెల్లగా పూర్తిగా తెరవండి. మొదటి పది నిమిషాల నీళ్ళు కొబ్బరిచెట్లకు వదిలేయండి.

అప్పుడు క్యాలెండరు దగ్గరికి వెళ్ళి మళ్ళీ రాయడం మొదలుపెట్టండి. మా ఈ ఏటి గళ్ళు ఇవి. మే 9: గాలి లేదు. మే 16: ముప్ఫై ఐదు నిమిషాల తరవాత. మే 24: ఇరవై రెండు, వాల్వు పావు మూశాను. జూన్ 3: పద్దెనిమిది. ఆ గడిలోనే పక్కన మా వారి చేతిరాతతో "మెకానిక్‌ని పిలవనా?" అని, దాని కింద నా రాతతో "వద్దు" అని ఉంది. జూన్ 12: కాలువకు నీళ్ళు వదిలారు. జూన్ 27: గంటసేపు నడిచింది, గాలి లేదు.